రంగనాయకత్త కొన్న ఆకుపచ్చ కారు

పోయిన ఆదివారం మా ఊరి బయట ఉన్న రేసు మైదానానికి వెళ్ళాను. గేటు దాటగానే కాలిన రబ్బరు, వేడెక్కిన ఇంజను నూనె కలగలిసిన వాసన ముక్కుకు తగిలింది. పక్కనున్నవాళ్ళు చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండె నిండా పీల్చుకున్నాను. రంగనాయకత్తే వచ్చి పక్కన నిలబడ్డట్టు అనిపించింది.

అప్పట్లో కోయంబత్తూరు పీలమేడులో మా ఎదురిల్లు ఆమెది. చుట్టరికం లేకపోయినా వీధిలో అందరికీ అత్తే. తమిళం కలిసిన మా ఊరి తెలుగులో నన్ను ముద్దుగా 'కన్నూ' అనేది, బయటివాళ్ళతో 'అండీ'కి బదులు మాట చివర 'ంగ' చేర్చేది. భర్త పోయాక పత్తి జిన్నింగు మిల్లును తానే నడిపేది, అవసరమైతే పత్తి లారీ కూడా తోలేది. ఆ రోజుల్లో కోయంబత్తూరు మిల్లు కుటుంబాల మగవాళ్ళు కొందరు, వాడకం మానేసిన ఒక విమానాల మైదానంలో అప్పుడప్పుడు చేరి కార్లు పరుగెత్తించేవారు. అత్తకూ వాళ్ళతో చేరాలని బుద్ధి పుట్టింది. అందుకోసం పాత స్పోర్ట్స్ కారు వెతకబోతూ, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే నన్ను తోడు రమ్మంది. నేను అప్పటికే డ్రైవింగు నేర్చుకున్నాను గానీ, ఎదురుగా బస్సు కనబడితే చాలు, కారు పక్కకు ఆపి అది వెళ్ళేదాకా బిగుసుకుని కూర్చునేదాన్ని.

మొదటి కారు పోదనూరు రైల్వే కాలనీలో ఉంది. దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక అధికారిది. దానిమ్మ గింజలా ఎర్రగా మెరుస్తోంది. నాకు చూడగానే మనసు పారేసుకున్నట్టయింది. అత్త మాత్రం కొంగు దోపుకుని, గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరింది. తరువాత లేచి తలుపు సందుల్లో వేలు పెట్టి చూసి, ఎక్కడ తగిలిందని ఆయన్ను అడిగింది. ఊటీ ఘాటులో బండకు కొట్టానని ఆయన దాచకుండా చెప్పి, ఇద్దరికీ టీ ఇప్పించాడు.

బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, "ఎంత బాగుండాది కదత్తా," అన్నాను.

"చూసేదానికి బాగుండాది కన్నూ. కింద చట్రం నడుము విరిగితే అతికిచ్చినారు. ఇంటి ముందర నిలపేదానికి సరి. మనము వేగంగా పోయి మలుపు తిప్పాల కదా."

రెండోది మదురైలో, ఇసాకు అనే పత్తి దళారి కొట్టంలో దొరికింది. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, చిరిగిన సీట్లు. వెనకాల ఒక కోడి పొదుగుతోంది. అత్త ఆ కోడిని గుడ్లతో సహా పదిలంగా దించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళింది. బాగా వేగం అందుకున్నాక స్టీరింగు మీంచి రెండు చేతులూ ఎత్తేసి బ్రేకు తొక్కింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కారు గీత గీసినట్టు తిన్నగా ఆగి ఉంది.

"మాట వింటాది బండి," అంది అత్త. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఇసాకు తాళంచెవి ఇవ్వబోతూ, "తోలేది ఎవరమ్మా? మీ కొడుకా?" అన్నాడు.

"కొడుకు లేడుంగ. నేనే తోలేది. నా తర్వాత ఈ పిల్ల."

ఆ సంగతి నేను వినడం అదే మొదలు. నా ముఖం చూసి, "పాప తెల్లగా అయిపోయెనే," అన్నాడాయన.

"అది ఆకలికింగ," అంది అత్త.

విషయం తెలిసి మా అమ్మ అత్తతో మాట మానేసింది. ఆ కారు చప్పుడు వినబడితే వీధి తలుపు వేసేసేది. అయినా నేను వెళ్ళాను. మైదానంలో మొదటి మలుపులోనే బ్రేకు గట్టిగా తొక్కాను. కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దారికేసి ముఖం పెట్టి గడ్డిలో ఆగింది. అత్త నవ్వుకుంటూ నడిచి వచ్చింది.

"భయం పోయెనా?"

"పోలేదత్తా."

"ఉండనీ. బ్రేకు ఎప్పుడు తొక్కాలో అదే చెప్తాది. తోలేది మాత్రం నువ్వు తోలు."

ఆ ఎర్ర కారును ఒక మిల్లు యజమాని కొడుకు కొన్నాడు. దాన్ని బాగుచేయించి మొదటి పందెంలో, అత్త తోలుతున్న మా కారును చాలా వెనక్కి నెట్టేశాడు. అత్త కారు ఆపి, సీట్లోనే లేచి నిలబడి అతనికి చప్పట్లు కొట్టింది. సాయంత్రం ఇంటికి బయలుదేరే వేళకు అతని కారు కదలనంది. తాడు కట్టి మా కారుతో లాక్కొచ్చాం. నడిపింది నేను. పీలమేడు చేరేసరికి మిల్లు సైరన్ మోగి, షిఫ్టు వదిలిన జనం రోడ్డుకు రెండు పక్కలా నిండిపోయారు. ఎవరో, "గెలిస్తిరా అమ్మా?" అని అడిగారు.

"లేదుంగ, ఓడిపోతిమి," అంది అత్త. "గెలిచినోడు వెనకాల వస్తా ఉండాడు."

రోడ్డంతా ఒకటే ఈలలు. వెనక కారులోని అబ్బాయి కూడా నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తల వాల్చాడు.

అతణ్ణి ఇంటి దగ్గర దించి మా వీధిలోకి తిరిగాం. ఆ రోజు అమ్మ తలుపు వేయలేదు. గడపలో నిలబడి చూస్తోంది. అత్త దిగి, తన సీటు దులిపి, "కూర్చో వదినా," అంది. అమ్మ వీధిని అటూ ఇటూ చూసింది. కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి కూర్చుంది. బయలుదేరుతుంటే, "మెల్లగా పోవే," అంది. వీధి చివరికి వచ్చాక, "ఇంతేనా ఇది పోయేది?" అంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ తరువాత నా బతుకులో చాలా పనులకు భయపడ్డాను. మొదటి ప్రసవానికి, ప్రిన్సిపాలు పదవికి, ఒంటరిగా వేరే ఊరికి మారడానికి. భయం పోయేదాకా ఆగుదామని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, బండి నేనే తోలాను.