మా మామను నిద్రపుచ్చిన రోకళ్ళు

మొన్న నా మనవరాలు చెవుల్లో ఏదో పెట్టుకుని పడుకుంటే పాటలు వింటోందనుకున్నాను, తీరా నా చెవిలో పెట్టి వినిపిస్తే వాన చప్పుడు. అలా వింటే నిద్ర బాగా పడుతుందట. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా మామ గుర్తుకొచ్చారు, లాక్‌డౌన్‌లో సూరత్‌లో ఆయన కోసం మేము చేసిన పిచ్చి పని కూడా గుర్తుకొచ్చింది.

మామకు అప్పటికే తొంభై దాటాయి. ఊళ్ళో చేతిమగ్గం, సూరత్‌లో పవర్‌లూమ్, ఇలా బతుకంతా మగ్గం పక్కనే గడిచిన మనిషి. సూరత్‌లో మేముండే అమ్రోలిలో మన నేతవాళ్ళెవరు కొత్త మగ్గం పెట్టుకున్నా మొదటి పోగు ఆయన చేతనే అతికించుకునేవారు, ఆయన కూడా ఆ రోజు ఉతికిన ధోవతి కట్టుకుని, పిలవడానికి వచ్చేవాళ్ళ కోసం పొద్దున్నే గుమ్మంలో కూర్చునేవారు. మేము అద్దెకున్న ఇంటి కింద ఒక సేఠ్ మగ్గాలు రాత్రీ పగలూ ఆడుతుండేవి. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఒక్క పూటకే తలనొప్పి అని పారిపోయేవారు, మామ మాత్రం ఆ చప్పుడులోనే హాయిగా గురకపెట్టేవారు.

లాక్‌డౌన్ రాగానే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాడలో చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోయారు, అంత పెద్దమనిషిని అంత దూరం తీసుకుపోలేక మేము ఉండిపోయాము. మామకు మొదట నిద్ర కరువైంది, తర్వాత అన్నం సహించడం మానేసింది. ఫోన్‌లో డాక్టరును అడిగితే జబ్బేమీ లేదు, ప్రశాంతంగా ఉంచండి అన్నాడు. మేము ఆ మాట పట్టుకుని టీవీ కట్టేశాము, మిక్సీ మానేశాము, పిల్లల్ని గట్టిగా దగ్గనివ్వలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైతే ఆయన అంతగా కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తుండేవారు. "జర రెండు ముద్దలు తినుండ్రి మామా" అని బతిమాలితే "ఏందో బిడ్డా, మంచిగ అనిపిస్తలేదు" అనేవారు. ఆయన మాకు దక్కరేమోనని నేనూ మా తోటికోడలూ వంటింట్లో ఏడ్చుకున్నాము.

ఒక మధ్యాహ్నం, ఆయనకు చప్పుడు వినబడకూడదని, మిరపకాయలు మిద్దె మీదికి తీసుకెళ్ళి ఇద్దరం రోట్లో దంచాము. ఆయన గది సరిగ్గా ఆ రోటి కిందే ఉందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. దంచి దిగేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి నోటి మీద వేలు పెట్టి సైగ చేస్తున్నారు. లోపల మామ గురక. లేచాక అడిగి మరీ పప్పన్నం తిన్నారు.

ఇక రోజూ అదే పని. మిరపకాయలు అయిపోతే పసుపు కొమ్ములు, అవీ అయిపోతే రోట్లో చెక్కముక్క వేసి దంచేవాళ్ళం. మా ఆయనా, మరిదీ కూడా వంతులు వేసుకున్నారు. ఒకసారి మామ నిద్రమత్తులోనే "ఎడమ దిక్కు నాడె జర ఆగుతుంది, సూడుండ్రి" అన్నారట. నాడె అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ మోసేది, ఎడమవైపు అలసిపోయి దంచుతున్నదేమో మా తోటికోడలు. ఇప్పటికీ ఆమెను ఆ మాట అని ఏడిపిస్తాము. ఇంత కారం ఏం చేసుకుంటారని మేము బెన్ అని పిలిచే పక్క మిద్దె మీది గుజరాతీ ఆవిడ అడిగింది, సంగతి చెబితే పడీపడీ నవ్వింది, మర్నాడు మా చేతులు నొప్పి పుట్టినప్పుడు బట్టలుతికే కర్ర తెచ్చుకుని తన పిట్టగోడ మీద తానే వాయించింది. అంత భయంలో కూడా మేము అంతగా నవ్వుకున్న రోజులు మరి లేవు.

మగ్గాలు మళ్ళీ మొదలైన రోజు మామ లేచి కూర్చుని, కాసేపు విని, "ఇగ బువ్వ పెట్టు బిడ్డా" అన్నారు. ఆ తర్వాత ఇంకో రెండు కొత్త మగ్గాలకు పోగు అతికి, కరోనా సద్దుమణిగే రోజుల్లో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. వాడలో పెద్దమనిషి పోతే ఆ రోజుకు మగ్గాలు ఆపడం మావాళ్ళ మర్యాద. కింద పనిచేసేవాళ్ళు మెట్లెక్కి వచ్చి, ఆపుతున్నామని చెప్పారు. మా ఆయన తలెత్తి "ఆపకుండ్రి, నాయిన పండుకున్నడు" అన్నారు. ఆ చప్పుడులోనే మామను సాగనంపాము.

ఇప్పుడా మగ్గాలన్నీ సూరత్ బయట పల్సానా వైపు పెద్ద షెడ్లకు వెళ్ళిపోయాయి, ఇళ్ళు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి, పిల్లలకు సుఖమే. ఎవరైనా పెద్దవాళ్ళు పోయారని తెలిసినప్పుడు మాత్రం నాకు దిగులుగా ఉంటుంది. ఆపడానికి గానీ, ఆపవద్దనడానికి గానీ వాడలో ఒక్క మగ్గమూ లేదు.