ర్యాలీ వెనక ఫస్ట్ గేరులో

ఆ రోజు పదింటికి జగిత్యాలలో నాకు ఉద్యోగ పరీక్ష. బస్సులు బంద్. కోరుట్ల నుంచి బాపు కారులో బయలుదేరాం. అది ఆటోమేటిక్, గేర్లు దానంతటదే మార్చుకోవాలి. పొద్దుటి చలికి మాత్రం ఫస్ట్ గేరులోనే ఉండిపోయి హోరెత్తింది.

"గేర్ బాక్స్ పోయింది బిడ్డ, ఇంటికి మర్లిపోదాం" అన్నాడు బాపు.

"లేదు బాపు. చలికి ఆయిల్ చిక్కబడుతదట. వేడెక్కేదాక మెల్లగ పోనియ్యి. కారు పుస్తకంల చదివిన."

ఊరు దాటకముందే తెలంగాణ ర్యాలీ అడ్డొచ్చింది. దారి లేక దాని వెనకే కదిలాం. ఒకాయన కిటికీలోకి వంగి, "కాకా, నీ బండి మాకన్న జోరుగ నినాదాలిస్తున్నది! మీరేంది సప్పుడుజేయక కూసున్నరు?" అన్నాడు.

క్లాసులో హాజరు కూడా గొణిగే నేను "జై తెలంగాణ" అని అరిచాను. కాసేపటికి కారు చిన్న కుదుపుతో సెకండ్ గేరులోకి మారింది. ఇంకా గట్టిగా "జై తెలంగాణ" అన్నాను. జనం నవ్వుతూ దారి ఇచ్చారు.

గేటు మూసేలోపు చేరాను, పరీక్ష బాగా రాశాను. ఆ రెండోసారి అరిచింది తెలంగాణ కోసమా, సెకండ్ గేరు కోసమా అంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను. మీరైతే దేనికి అరిచేవారు?