కోతల పండుగలో వేలానికొచ్చిన ఎద్దు

గుడివాడ నుంచి దివిసీమకు కోతల పండుగ చూడ్డానికి వెళ్లాలనుకునేవారికి దారి చెప్తాను. దారితోపాటు నా కోపం కూడా చెప్తాను, రెండూ విడదీయడం నాకు చేతకాదు. నేను గుడివాడలో బడిపంతుల్ని. మా తాతగారి కాలంలో మా ఇల్లు పెద్దకులం వదిలి క్రీస్తు మతంలోకి వచ్చింది. మాంసం మాత్రం నా అంతట నేనే మానేశాను. అది మడీ కాదు, ఆచారమూ కాదు. ఒకసారి సంతలో నాలుగు కాళ్లూ కట్టి పడేసిన దూడ కళ్లు చూశాను, ఆ తర్వాత ముద్ద దిగలేదు, అంతే. ఈ ఏడు నూర్పిళ్లు అయ్యాక అవనిగడ్డ అవతల ఒక పల్లెలో సంఘం నడిపే పాస్టరుగారు కబురు పెట్టారు. పండుగనాడు నేను వాక్యం చెప్పాలి. వెంకమ్మ అనే వితంతువు ఆ సాయంత్రమే బాప్తిస్మం తీసుకుంటుందట. ఊళ్లో పట్టుమని పది కొంపలు కూడా లేని సంఘానికి అది పెద్ద విషయం. సరేనన్నాను.

పొద్దున్న రైలుకు బందరు వెళ్లండి. పెడన దాటి చిలకలపూడి వచ్చేసరికి గిల్టు నగల పెట్టెలతో జనం ఎక్కి నిలబడ్డానికి చోటుండదు కాబట్టి, గుడివాడలోనే కిటికీ పక్కన కూర్చోవడం మంచిది. బందర్లో దిగి, శాకాహారం దొరుకుతుంది కదా అని స్టేషన్ దగ్గర ఒక కాఫీ హోటల్లోకి వెళ్లాను. ఇడ్లీ అడిగితే గల్లా దగ్గరున్న యజమాని ముందు నన్ను ఎగాదిగా చూశాడు.

"తమరు ఏవిట్లండీ? ఏ కులం?"

"క్రైస్తవులమండీ. మాంసం ముట్టను."

"ముట్టరా! మరి ఆ మతంలో ఏం చేస్తున్నారండీ?" అని నవ్వి, బయట అరుగు చూపించాడు. ఇడ్లీ అక్కడికే వచ్చింది, తిన్న ఆకు నేనే తీసి పారేశాను. దూడను చూసి జాలిపడ్డవాణ్ణి లోపల కూర్చోనివ్వని శుచి ఏం శుచి? ఒళ్లు మండింది. అయినా ఇడ్లీ మెత్తగా ఉంది, ఆ మాట దాచడం ధర్మం కాదు.

యుద్ధం వల్ల పెట్రోలు లేక ఇప్పుడు బస్సులన్నీ బొగ్గుతో నడుస్తున్నాయి. చల్లపల్లి మీదుగా పులిగడ్డ రేవుకు పోయే బస్సు ఎప్పుడు కదుల్తుందని అడిగితే, "పొయ్యి అంటుకుంటే కదుల్తుందండీ, మాస్టారూ. ఓపిక పట్టండి" అన్నాడు డ్రైవరు. ఎట్టకేలకు అంటుకుంది. దారిలో రెండుసార్లు దిగి తోశాం. పులిగడ్డలో కృష్ణ దాటడానికి పడవకు అణా ఇచ్చాను. అవతలి గట్టు నుంచి పల్లెకు కాలవ వెంట నడక. కోసిన చేలల్లో మినుము మొలిచి పచ్చగా ఉంది. మధ్యాహ్నానికి చేరాను.

చర్చి అంటే మట్టిగోడల తాటాకు పాక. ముందు పందిరి వేసి పండుగ అక్కడే జరుపుతున్నారు. పండిన పంటలో మొదటిది, పెంచిన వాటిలో మంచిది దేవుడికి తేవాలి, తెచ్చినవాటిని వేలం వేసి సంఘం ఖర్చులకు వాడుకోవాలి, అదీ పద్ధతి. వడ్లు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు వచ్చాయి. వాటి పక్కన కాళ్లు కట్టిన కోళ్లు వాసానికి తలకిందులుగా వేలాడుతున్నాయి. పిచ్చుక రాలినా తండ్రికి తెలుస్తుందని పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, ఆయన తల మీదుగా ఒక కోడి నోరు తెరుచుకుని రొప్పుతోంది. నేను లేచి కోళ్లను దించి నేలమీద పెట్టాను. జనం నవ్వారు. "పంతులుగారికి ఇంకా కులం వదల్లేదు" అని ఎవరో అన్నారు.

అప్పుడు వెంకమ్మ వచ్చింది, ముసలి ఎద్దును తోలుకుని. దాని పేరు కోటిగాడు. మొగుడు బతికుండగా చేలో దున్నిన ఎద్దు. కొమ్ములకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేసింది. పందిరి గుంజకు కట్టి, నేను వాక్యం చెప్పేవాణ్ణని తెలిసి నాకు దణ్ణం పెట్టింది.

"మా మరిది దీన్ని అమ్మేస్తానంటున్నాడండీ. దేవుడికి ఇచ్చేస్తే ఇంక ఎవరూ ముట్టుకోరు గదండీ, అచ్చోసి వదిలినట్టే. ఊరి మీద తిరిగి తింటది."

పుట్టినప్పట్నించీ ఆమె చూసింది అదే. దేవుడి పేర ముద్ర వేసి ఆంబోతును వదిలితే దాని మీద చెయ్యి వేసేవాడుండడు. కొత్త దేవుడి దగ్గరా అంతేననుకుంది. ఎవరూ కాదని చెప్పలేదు. నేను నోరు తెరిచేలోపే సంఘ పెద్ద ఏసోబుగారు వేలం మొదలుపెట్టాడు. ముసలి గొడ్లను కొని కోతకు పంపే బేరగాడు పందిరి బయటే ఉన్నాడు. పాట అతని దగ్గరే ఆగింది. అతను వచ్చి పలుపు పట్టుకున్నాడు.

నేను అరిచాను, వాక్యం చెప్పడానికి వచ్చినవాణ్ణనే సంగతి కూడా మర్చిపోయి. "పశువుల పాకలో పుట్టినవాడి పేరు పెట్టి, బతకాలని ఆమె ఇచ్చినదాన్ని చావుకు అమ్ముతారా?"

ఏసోబుగారు నా వైపు తిరిగాడు. "మా తాతలు ఆకలితో ఉన్నప్పుడు చచ్చిన గొడ్డు తప్ప ఇంకేం పెట్టారండీ మీవాళ్లు? ఇవాళొచ్చి మాకు జాలి నేర్పుతారా?"

ఆ మాట నిజం. ఆకలికి తిన్నవాణ్ణి నేనేమీ అనను. కానీ ఆ పూట పందిట్లో ఆకలితో ఉన్నవాళ్లెవరూ లేరు. వెనక దొడ్లో అప్పటికే వంట ఉడుకుతోంది.

అప్పటికిగాని వెంకమ్మకు విషయం అర్థం కాలేదు. నిదానంగా వెళ్లి పలుపు మీద చెయ్యి వేసింది.

"దేవుడికిచ్చింది తిరిగి తీసుకోకూడదమ్మా" అన్నాడు ఏసోబుగారు.

"దేవుడికే ఇచ్చానండీ. ఈయన దేవుడా?" అంది బేరగాణ్ణి చూపించి.

బేరగాడే మొదట పలుపు వదిలేశాడు. పాస్టరుగారు మెత్తని గొంతుతో, "బాప్తిస్మం మాటేమిటమ్మా?" అన్నారు. ఆయన మంచివాడే. మంచివాడు నోరు విప్పాల్సిన సమయం దాటిపోయాక విప్పడం చూస్తే నాకు ఇంకా మండుతుంది. వెంకమ్మ ఎద్దును తోలుకుని వెళ్లిపోయింది. నేను వాక్యం చెప్పలేదు, భోజనానికి కూర్చోలేదు.

కాలవగట్టు మీద ఆమెను కలుసుకున్నాను. కోడూరు వైపు ఉన్న పుట్టింటికి వెళ్తున్నానంది. అక్కడ అన్న ఉన్నాడట, గడ్డికి లోటు లేదట. ఆమె దేవుణ్ణి వదిలేసిందేమోనన్న భయం పట్టుకుంది నాకు.

"ఆయన తప్పు కాదమ్మా. మేమే ఆయనకు అడ్డొచ్చాం."

ఎద్దు మెడ నిమురుతూ, "అయితే మీరు అడ్డు తప్పుకోండి, అప్పుడొస్తాను" అంది.

తిరుగు ప్రయాణమంతా ఆ మాటే. బందర్లో నన్ను అరుగు మీద కూర్చోబెట్టినవాడికి జీవహింస పాపం, నాతో కలిసి తినడం కూడా పాపమే. పల్లెలో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నవారికి జాలి కులగర్వంలా కనిపించింది. ఇద్దరి మధ్యా నేనెంత అరిచినా, ఒక మనిషి దేవుడి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. వెళ్లదలచినవారికి ఒక్క సలహా. పులిగడ్డలో పడవ చీకటి పడితే దొరకదు, పొద్దు ఉండగానే రేవుకు చేరండి. కానుకగా ప్రాణమున్నదాన్ని మాత్రం తీసుకెళ్లకండి. గుమ్మడికాయ పట్టుకెళ్లండి, అది ఎవర్నీ నమ్మి రాదు.