చావులేని ముగ్గురికి ఒకే గొంతు

మొన్న అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో మారదామని ఎస్కలేటర్ దిగి రెండడుగులు వేశానో లేదో, వెనకనుంచి మల్లేశన్న గొంతు వినబడింది. "ఈ ద్వారం దాటినవాడెవడూ తిరిగి రాలేదు" అంటోంది. నిలువునా ఆగిపోయాను. వెనక వస్తున్నావిడ నన్ను గుద్దుకుని "ఏంటండీ, దారిలో నిలబడిపోతారు" అని విసుక్కుంది. చూస్తే, ఆఫీసు బ్యాగు తగిలించుకున్న ఒకాయన చెవిలో ఏమీ పెట్టుకోకుండా ఫోన్‌లో పాత సీరియల్ చూసుకుంటున్నాడు. ఆ గొంతున్న మనిషి పోయి ఏడాది దాటింది. మాట పోయి అంతకంటే చాలా ముందే. అన్నీ తెలిసి కూడా తేరుకోవడానికి ఓ రైలు వదిలేయాల్సి వచ్చింది.

మల్లేశన్న మీకెవరికీ తెలియదు, కానీ ఆయన గొంతు మీలో చాలామంది విని ఉంటారు. నేను కాకినాడ నుంచి అందరిలాగే సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుందామని వచ్చాను. కోర్సు నా తలకెక్కలేదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నీళ్ళచారు తింటూ, ఇంటికి ఏం చెప్పాలో తెలియక నలిగిపోతున్న రోజుల్లో, పంజాగుట్టలో ఒక డబ్బింగ్ స్టూడియోకి మాటలు రాసేవాళ్ళు కావాలని తెలిసి వెళ్ళాను. బయట కుర్చీలో కూర్చుని ఉండగా తలుపు వెనకనుంచి ఒక గొంతు ఉరిమింది. "నేను ఊదితే మీ సూర్యుడు ఆరిపోతాడు!" చటుక్కున లేచి నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. ఆరడుగుల మనిషి వస్తాడనుకుంటే, నా భుజం దాకా వచ్చే ఒక బక్కపలచని మనిషి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవలు గావాలె చెల్లె? చాయ్ తాగుతవా?" అన్నాడు. "సూర్యుణ్ణి ఆర్పింది మీరేనాండీ?" అనేశాను, నోరు ఆగక. పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే నాకు ఉద్యోగం వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం. "మల్లేశం గారూ" అని పిలవబోతే "గారు గీరు ఏం వద్దు, అన్న అను" అన్నాడు.

మేం చేసే పని, పరాయి దేశాల అంతరిక్ష సీరియళ్ళను తెలుగులోకి తేవడం. అప్పుడు మా చేతిలో మూడు ఉండేవి. విచిత్రమేమిటంటే మూడింటిలోనూ చావులేనివాడు, ఏదైనా చెయ్యగలవాడు ఒక్కొక్కడు ఉన్నాడు. ఒకడు సూర్యుళ్ళను వెలిగించి ఆర్పుతాడు. రెండోవాడు చచ్చిపోయిన గ్రహాలమీద అడవులు మొలిపిస్తాడు, వాణ్ణి తోటమాలి అనేవాళ్ళం. మూడోవాడు ద్వారపాలకుడు, లోకాల మధ్య ఒక ద్వారం ముందు నిలబడి ఉంటాడు, జరగబోయేదంతా వాడికి ముందే తెలుసు. ముగ్గురికీ గొంతు మల్లేశన్నే, పైగా డబ్బింగ్ డైరెక్టరూ ఆయనే. ముగ్గురూ ఒకేలా వినిపిస్తే మా పని గోవిందా. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. రికార్డింగ్‌కు ముందు చాయ్ తెప్పించి, ముగ్గుర్నీ పక్కపక్కన నిలబెట్టి పంచాయతీ చేసేవాడు.

"చెల్లె, గీ ముగ్గురు పంజాగుట్ట సిగ్నల్ కాడ ఇరుక్కున్నరనుకో, ఏం జేస్తరు?"

"మొదటివాడు బండ్లన్నీ మాయం చేసేస్తాడు. తోటమాలి కార్లను చెట్లు చేసేస్తాడు."

"మరి ద్వారపాలకుడు?"

"ఏమీ చెయ్యడు. సిగ్నల్ ఎప్పుడు పడుతుందో ముందే తెలుసుగా."

"శభాష్. గిప్పుడు అసలుది చెప్పు. ఎవనికి ఏం తెల్వదు?"

నాకు మొదట్లో ఈ ప్రశ్న చిరాకు తెప్పించేది. ముగ్గురిలో ఎవడు గొప్పో చెప్పాలంటే ఎవడు ఎక్కువ చెయ్యగలడో చూడాలి గదా అని వాదించేదాన్ని. సూర్యుళ్ళాయనే గొప్ప, అందులో అనుమానమేంటి అనేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "అన్నీ వచ్చినోణ్ని ఎంతసేపు జూస్తం? వానికి ఏది రాదో అది దొరికితేనే కథ" అనేవాడు. సూర్యుళ్ళాయనకు ఎదురుచూడటం తెలియదు, అందుకని వాడి మాటల మధ్య ఖాళీ ఉండకూడదు. తోటమాలికి కాదనిపించుకోవడం తెలియదు, అందుకని ఎవరు ఏమన్నా వాడి గొంతు నవ్వుతూనే ఉండాలి. ద్వారపాలకుడి దగ్గరకొచ్చేసరికి ఇద్దరం తెల్లమొహం వేశాం. అన్నీ ముందే తెలిసినవాడికి తెలియనిదేముంటుంది? "ఆశ్చర్యం" అన్నాడు మల్లేశన్న చివరికి. "పాపం, వాడు దేనికి సుత అదిరిపడడు." ఆ వేళ నేనే అదిరిపడ్డాను. ఆ ఒక్క మాటతో ఆ పాత్రకు అలసిపోయిన, గీరుకుపోయిన ఒక గొంతు దొరికింది.

ఆ గొంతు జనానికి పట్టేసింది. నెలనెలా ఇంకా బొంగురుపోతూ వచ్చింది, మేం ఇంకా మెచ్చుకుంటూ వచ్చాం. "భలే పట్టారన్నా, వెయ్యేళ్ళు నిలబడ్డవాడిలాగే ఉంది" అని నేనే ఎన్నిసార్లు అన్నానో. ఆయన నవ్వి వేణ్ణీళ్ళు తాగేవాడు.

ఒక మధ్యాహ్నం పంచాయతీ మధ్యలో ఆయన భార్య లక్ష్మి వదిన లోపలికొచ్చింది. ఎప్పుడూ స్టూడియోకి వచ్చిన మనిషి కాదు. చేతిలో ఆసుపత్రి కవరు. కూర్చోమన్నా కూర్చోలేదు, నిలబడే చెప్పేసింది. అన్న గొంతులో గడ్డ ఉంది. క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు హోలీకి ముందే చెప్పాడట. అప్పటికి ఆషాఢం బోనాలు వచ్చేశాయి, అంటే నాలుగు నెలలు గడిచిపోయాయి. చేతిలో చాయ్ గ్లాసు ఎప్పుడు వంగిపోయిందో తెలియదు, ఒళ్ళో వేడిగా తగిలితే గానీ నాకు స్పృహ రాలేదు. మేం ఇన్నాళ్ళూ ఆహా ఓహో అన్న ఆ బొంగురు, నటన కాదు. అది జబ్బు. జబ్బుకు చప్పట్లు కొట్టామన్నమాట.

"ద్వారపాలకునిది ఇంక జరంతనే ఉన్నది" అన్నాడు మల్లేశన్న, ఏమీ కానట్టు. "అది అయినంక పోత. నడిమిట్ల కొత్త గొంతు పెడితే జనం గుర్తువడతరు."

"జనం గుర్తువడతరంట! మరి నేను గుర్తుకు రానా?" అంది వదిన. ఏడవలేదు. ఆమె కళ్ళలో ఉన్నది కోపమే.

నాకు భయమేసింది. ఆ గొంతు లేకుండా మల్లేశన్నను ఊహించుకోవడం నావల్ల కాలేదు, ఆయనవల్లా కావడం లేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. ఆయన నాకు నేర్పిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

"మీకేం తెలీదన్నా?"

నవ్వబోయి ఆగిపోయాడు. ఎప్పుడూ ఆయన అడగడమే గానీ ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. చాయ్ గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"మాట్లాడకుంట బతుకుడెట్లనో తెల్వది చెల్లె" అన్నాడు. "మస్తు భయమైతుంది."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "నాకు రానిది దొరికింది గద, గట్లయితే నేను సుత ఒక కథల పనికొస్త. పా లక్ష్మీ" అన్నాడు. చివరి భాగం రికార్డింగ్ వదిలేసి, ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేరాడు. ఆయన నోటినుంచి నేను విన్న ఆఖరి మాటలు అవే.

చివరి భాగం మూలనపడి ఉంది. ఛానెల్ వాళ్ళు తొందరపెడితే, రవి అనే కొత్త కళాకారుణ్ణి పిలిచాం. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది, రికార్డింగ్ రోజున మల్లేశన్న కూడా వచ్చాడు. మెడకు తెల్లటి బట్ట, మనిషి ఇంకా సన్నబడ్డాడు, అద్దం ఇవతల తన పాత కుర్చీలో కూర్చున్నాడు. కథలో ద్వారపాలకుడు శక్తులన్నీ వదులుకుని మనిషవుతాడు. మనిషయ్యాక వాడి మొదటి మాట, "చలిగా ఉంది." రవి దాన్ని మల్లేశన్నలాగే బొంగురుగా, గంభీరంగా చెప్పాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అడ్డంగా. రవికి చిర్రెత్తుకొచ్చింది. "ఎట్ల చెప్పాల్నో ఎవరన్నా చెప్పుండ్రి భాయ్, ఆయనెట్లాగూ చెప్పలేడు గదా!" అన్నాడు. అన్నాక తనే బిక్కచచ్చిపోయాడు.

మల్లేశన్న లేచి అద్దం అవతలి గదిలోకి నడిచాడు. కోప్పడతాడేమోనని స్క్రిప్టు పట్టుకుని నేను కూడా వెంటపడ్డాను. రవి ముందు నిలబడి మెడమీది బట్ట తీశాడు. అక్కడ, గొంతు గుంటలో, చిన్న రంధ్రం. నేనింతకు ముందెప్పుడూ చూడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని అరచేతిని దాని ముందు ఉంచాడు. వెచ్చటి గాలి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. ఆయన ఊపిరంతా అక్కణ్ణుంచే వచ్చిపోతోంది. తరువాత రవి చెయ్యి తీసుకుని అలాగే పెట్టాడు. రవి కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ తరువాత మైకు ముందుకు జరిగాడు. ముందు ఊపిరి పీల్చుకున్నాడు, అది అవసరమని అప్పుడే తెలిసినవాడిలాగ. ఆ పైన మెల్లగా, అదిరిపడ్డట్టు, "చలిగా ఉంది" అన్నాడు. మల్లేశన్న రెండు చేతులతో బల్ల చరిచాడు.

ఆ తరువాత కొన్నేళ్ళపాటు ఒక్క మాట లేకుండా డైరెక్షన్ చేశాడు, వేళ్ళతో నన్ను నానా తిట్లూ తిట్టాడు, మనవరాలిని భుజాలమీద ఎక్కించుకుని తిప్పాడు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఎంత శక్తిమంతుడి పాత్ర వచ్చినా, వాడికేం తెలియదో ముందు అడుగుతాను. ఒక్కోసారి అదే ప్రశ్న నాకు నేను వేసుకుంటాను. వచ్చే జవాబుకు నిజంగా భయమేస్తుంది. అప్పుడు అరచెయ్యి ముక్కు ముందు పెట్టుకుంటాను. వెచ్చగా గాలి తగులుతుంది. లేచి, భయపడిన ఆ పనిలోకే దిగుతాను.