వరస కలిపిన అత్తయ్య

పోయిన నెల ఒక ఉదయం నాగోల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. ఒకప్పుడు మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ కూతురు. "అమ్మ పోయింది అక్కా. పొద్దుగాల చాయ్ తాగి మల్ల జరసేపు ఒరిగింది. గంతే, లేవలే" అంది. పైకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. రైలు తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, రైలు కదులుతోంది, ఇంకొకటి వస్తోంది. ఎన్ని వెళ్ళాయో తెలియదు. ఆ రోజు నేను క్లాసుకి పోలేదు.

ఆవిడ మాకు చుట్టం కాదు. అయినా నేను ఆవిడని అత్తయ్యా అని పిలిచేదాన్ని. అదెలా జరిగిందో చెబుతాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. నాన్న ఉద్యోగం కోసం మేం తెనాలి నుంచి వచ్చి, ఎల్బీనగర్ లోపలి సందులో ఆవిడ ఇంటి పై వాటాలో ఉండేవాళ్ళం. కింద ఆవిడా, కూతురూ. వాళ్ళది పోచంపల్లి దగ్గర చేనేత ఊరు. భర్త ఇక్కడ చీరల దుకాణం పెట్టి, ఇల్లు కట్టి, కొన్నేళ్ళకే పోయారట. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌లో చేరి, ఆప్షనల్‌గా మానవశాస్త్రం తీసుకున్నాను. ఇష్టమై కాదు, సిలబస్ చిన్నదని ఎవరో చెప్పారు.

బంద్‌ల వల్ల నెలలో సగం రోజులు క్లాసులుండేవి కావు. మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని పైకి చదివేదాన్ని. ఆవిడ కింది మెట్టు మీద బియ్యం ఏరుతూ వినేది. ఒకరోజు చుట్టరికాల పాఠం బట్టీ పడుతున్నాను. తల్లి చెల్లెలినీ తండ్రి చెల్లెలినీ ఒకే మాటతో పిలిచే సమాజాలు, వేరు మాటలతో పిలిచే సమాజాలు.

"గదే చదువుతున్నవ్ పొద్దటి సంది. ఏంది గది?" అంది.

"వరసలండీ ఆంటీ. బుర్రకెక్కట్లేదు."

"ఎట్ల ఎక్కుతది. నన్ను ఆంటీ అంటున్నవ్. ఆంటీ అంటే ఏంది, అత్తనా, చిన్నమ్మనా? ఎటూ గాదు. నీ నోట్లనే వరస లేకపాయె."

పుస్తకంలో నాలుగు పేజీలు చెప్పిన సంగతి అది. నేను నవ్వి, "అయితే ఏమని పిలవను?" అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది. "చిన్నమ్మనైతే నీకు బుద్ధులు జెప్పాలె. అత్తనైతే ఎకసెక్కమాడొచ్చు. అత్తనే మంచిగుంటది."

మేనత్తా మేనకోడళ్ళ మధ్య, బావామరదళ్ళ మధ్య వేళాకోళం ఎందుకు చెల్లుతుందో మరుసటి వారం క్లాసులో చెప్పారు. నాకు అప్పటికే వచ్చు. నా ఆంధ్రా యాసని ఆవిడ రోజూ వెక్కిరిస్తోంది కదా.

ఆవిడ దగ్గర సంగతులు రాబట్టడానికి నోటుబుక్కు పట్టుకుని దిగేదాన్ని. కానీ ఆవిడకో నియమం ఉండేది. "ఊకె అడుగుడేనా? నేనొకటి జెప్తే నువ్వొకటి జెప్పు." చెప్పడానికి చూస్తే మా ఇంటి సంగతులు నాకే తెలియవు. పైకి పరుగెత్తి అమ్మని అడిగి రావలసి వచ్చేది. పాల పన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి మీదకి విసిరేవాళ్ళమని ఆవిడ చెప్పింది. అమ్మ కూడా అక్షరాలా అదే చెప్పింది. గ్రీసులో, కొరియాలో పిల్లలు కూడా పళ్ళు ఇంటి కప్పు మీదకే వేస్తారని నేను చదివిన మాట చెప్పాను. అత్తయ్య తల ఎత్తి ఎదుటింటి కప్పు వైపు చూసింది. "అంటే దునియల ఉన్న ఇండ్ల మీదన్ని పోరగాండ్ల పండ్లే" అంది మెల్లగా. ఆ సాయంత్రం డాబా ఎక్కి చూస్తే, చంపాపేట్ దాకా పరుచుకున్న కప్పుల మీద ఎండ తగ్గుతోంది. వాటి మీద బియ్యపు గింజల్లాంటి పళ్ళు మెరుస్తున్నట్టే అనిపించింది. పరీక్ష సంగతి, బంద్ సంగతి అన్నీ మరిచిపోయి అలా నిలబడిపోయాను.

గుర్తుకు రావడాన్ని ఆవిడ ఎన్నడూ 'యాది' అనేది కాదు. చుట్టూ అందరూ యాదికొచ్చింది, యాది మరిచిన అనేవాళ్ళు. ఆవిడ మాత్రం "మతికొచ్చింది" అనేది. ఎందుకని అడిగితే తల వంచుకుంది. కూతురు చెప్పింది, వాళ్ళ నాన్న పేరు ఆ రెండక్షరాలతోనే మొదలవుతుందని. దక్షిణాఫ్రికాలో కొన్ని తెగల కోడళ్ళు మామగారి పేరులోని అక్షరాలున్న మాటలే పలకరనీ, వాటికి బదులు కొత్త మాటలు కల్పించుకుంటారనీ చదివి వినిపించాను. "పాపం, ఆ పిల్ల గూడ నా లెక్కనే తిప్పలువడ్డది" అంది అత్తయ్య, ఆ పిల్ల పక్క సందులో ఉన్నట్టు.

బయట మాత్రం పరిస్థితులు ముదురుతున్నాయి. ఆవిడ ఊరేగింపులకి వెళ్ళేది, కాళ్ళు వాచేలా నడిచి వచ్చేది. నాన్న టీవీ ముందు నుంచి కదిలేవారు కారు. ఒకరోజు, "వచ్చే నెల ఇల్లు ఖాళీ చేద్దాం. మనవాళ్ళు ఎక్కువున్న వైపు పోదాం" అన్నారు. ఆ మాట నేను కిందకి మోసుకెళ్ళాను.

"నేనేమన్న అన్ననా మీ నాయినను?" అంది అత్తయ్య.

"లేదు. ఆయనకి భయం."

"నేను తెలంగాణ గావాలంటున్న. మిమ్ముల పొమ్మంటలేను. గవి రెండూ ఒక్కటి గాదు." ఆవిడ లేచి కొంగు దోపుకుంది. "రేపు వంటావార్పు ఉన్నది. వస్తవా? అన్నం తినతందుకు పిలుస్తున్న" అంది.

వంటావార్పు అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే బంతి కూర్చుని తినే నిరసన. నాన్నకి చెప్పకుండా వెళ్ళాను. మా ఊరికి బస్సులు పోయే విజయవాడ రోడ్డు మీద ఆ రోజు గుండిగలున్నాయి. పొగ, డప్పులు, పాటలు. అత్తయ్య పక్కన కూర్చున్నాను. వడ్డించే ఆవిడ అన్నం పెడుతుంటే, "కొంచెం చాలండి" అనేశాను. గరిటె ఆగింది. పక్కవాళ్ళు చూశారు.

"ఆంధ్ర పిల్లనే" అంది అత్తయ్య. "నా కోడలు. పెట్టు."

వడ్డించే ఆవిడ నన్నొకసారి చూసి ఇంకో గరిటె వేసింది. "గింతే తింటే ఎట్ల, మంచిగ తిను" అని ముందుకెళ్ళింది. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడే నాన్న కనిపించారు. బస్సుల్లేక ఆఫీసు నుంచి నడుచుకుంటూ వస్తున్నారు. నన్ను చూసి గబగబా దగ్గరికి వచ్చారు. "ఇంటికి పద" అన్నారు.

అత్తయ్య ఎప్పుడూ ఆయన్ని 'సార్' అనేది. ఆ రోజు, "అన్నా" అంది. "నీ బిడ్డకు నేను అత్తనైతే నీకేమైత? చెల్లెనైత. చెల్లె అన్నం పెడుతుంటే కాదని పోతవా?"

నాన్నకి తోబుట్టువులు లేరు. ఆయన ఆవిడ వైపూ, నా విస్తరి వైపూ చూశారు. తరవాత చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడుచుకుని నా పక్కన కూర్చున్నారు. అత్తయ్యే లేచి వడ్డించింది. "పప్పుచారు ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నారు నాన్న, తల ఎత్తకుండా.

ఇల్లు ఖాళీ చేయలేదు. అలాగని నాన్న మనసు మార్చుకోనూ లేదు. పొద్దున్నే పేపరు పట్టుకుని మెట్ల మీద ఆయనా అత్తయ్యా వాదించుకునేవారు. రాష్ట్రం వచ్చిన రోజు ఆవిడ లడ్డూలు పట్టుకుని పైకి వచ్చింది. "నాకు ఇష్టం లేదని తెలుసుగా" అన్నారు నాన్న. "తెలుసు. తిను" అంది. తిన్నారు.

నాకు సివిల్స్ రాలేదు. మానవశాస్త్రం మాత్రం నాతో ఉండిపోయింది. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్లో ఆ పాఠమే చెబుతున్నాను. మేం నాగోల్ ఫ్లాటుకి మారాం, మోకాళ్ళు పట్టేసి ఆవిడ సొంత ఊరు చేరింది. వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూనే రెండేళ్ళు వెళ్ళలేదు. దానికి నా దగ్గర సాకు లేదు.

దినాల నాడు పొద్దున్నే నాన్నా నేనూ ఆ ఊరు వెళ్ళాం. వీధి పొడవునా కట్టిన పడుగు, మగ్గానికి ఎక్కించే నిలువు నూలు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సాగి ఉంది; వాళ్ళ ఇల్లు దానికి అవతల. ఎర్ర నూలు, తెల్ల నూలు, గంజి తడి ఇంకా ఆరలేదు. మేం ఆగిపోయాం. అటూ ఇటూ పని చేస్తున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎవరింటికని కూడా అడగలేదు. చేతులు కిందకి పోనిచ్చి పడుగుని పైకెత్తి పట్టుకున్నారు. నాన్న నడుం వంచి ముందు నడిచారు. తల మీదుగా వేల పోగులు, వాటి సందుల్లోంచి లేత ఎండ. ఒక గంజి చుక్క ఆయన తెల్ల చొక్కా భుజం మీద పడింది. ఆయన తుడుచుకోలేదు.