మంచి కంటికి పట్టీ

మొన్న శంషాబాద్ బస్టాండులో, కళ్లద్దాల వెనుక ఒక కంటికి పట్టీ అంటించుకున్న చిన్నపాప దాన్ని పీకేయాలని తల్లితో పెనుగులాడుతుంటే, నా మనసు పాల్మాకులలోని మా పాత వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. నాకు అక్కడి క్యాంటీన్‌లో పగటి డ్యూటీ, మావారికి పొలం పని, బడి నుంచి వచ్చిన మా పాపను చూసుకునేది అత్తమ్మ. పాప కుడికంటి చూపు మందంగా ఉందని ఆ ఏడాదే తేలింది. కన్ను బొమ్మను అందిస్తుందేగాని, అంచు ఎక్కడుందో, గీత ఎటు వాలిందో పసిగట్టేది మెదడేననీ, నిలువు గీతకు స్పందించే కణాలు వేరు, ఏటవాలు గీతకు వేరనీ, చిన్నతనంలో ఒక కంటి నుంచి గీతలు మసకగా అందితే ఆ కణాలు రెండో కంటికే అలవాటు పడిపోతాయనీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అందుకే అద్దాలు పెట్టి, రోజూ కాసేపు మంచి కన్ను మూయాలట. ఆలస్యమైతే ఆ చూపు రాకపోవచ్చని కూడా చెప్పింది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా తర్వాతి పరీక్షలో చూపు ఇసుమంతైనా మెరుగుపడలేదు. ఇంటికొచ్చి ఆరా తీస్తే, నేను డ్యూటీకి వెళ్లగానే అత్తమ్మ పట్టీని చూపు మందమైన కంటికి మార్చేస్తోందని బయటపడింది.

"మంచిగున్న కన్ను మూస్తే పిల్ల ఆగమైతది బిడ్డా! గా మసక కన్నుకే జర ఆరాం ఇచ్చిన," అంది.

ఒళ్లు మండింది, కానీ ఆ ప్రేమను ఏమని తిట్టను? మరుసటిసారి ఆమెనూ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ అన్నీ ఆమెకూ విడమరిచి చెప్పింది. మర్నాటి నుంచి అత్తమ్మే ఎడమ కంటికి పట్టీ వేసి, వాకిట్లో ముగ్గుగీతలు గీసి, వాటి వెంట పాప చేత వేలు పెట్టించేది. వేలు గీత తప్పినప్పుడల్లా పాప ఏడ్చేది, అత్తమ్మా ఏడ్చేది, పట్టీ మాత్రం తీసేది కాదు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం, పట్టీ ఉండగానే పాప ముగ్గు మీదికి వంగి, "నాయనమ్మా, గీ గీత వంకరున్నది!" అంది. తన ముగ్గుకు వంక పెడితే ఊరుకోని అత్తమ్మ, "ఏదీ, ఏదీ, మళ్ల చెప్పు," అంటూ కళ్లు ఒత్తుకుంది.

అత్తమ్మ ఇప్పుడు లేదు. వాకిలి నిండా బండలు పరిచేశాం, గుమ్మం ముందు అంటించిన స్టిక్కరు ముగ్గులో వెతికినా వంకర దొరకదు. పండక్కి వచ్చినప్పుడల్లా మా అమ్మాయి దాని ముందు ఆగి, చూపుకేం తక్కువ లేని రెండు కళ్లతోనూ చూసి, వంగి ఒక గీత వెంట వేలు పోనిచ్చి లోపలికి వచ్చేస్తుంది.