వాలు మీది ఎర్ర ట్రాక్టర్

అమీర్‌పేటలో అడుగుపెట్టిన ప్రతివాడూ ఏదో ఒక కోర్సు నేర్చుకునే కాలమది. నేనూ నేర్చుకున్నాను; కోర్సు అయిపోయింది, ఉద్యోగం మాత్రం మొదలవలేదు. చివరికి పంజాగుట్టలో పాత ట్రాక్టర్లు బాగుచేసి అమ్మే ఒక సేటు దగ్గరికి వెళ్లాను. "ట్రాక్టర్ల సంగతి ఎరుకేనా?" అన్నాడు. "పుట్టిందే ఊర్లె గద సార్" అన్నాను. (ఊళ్లోనే పుట్టాను గానీ మగ్గాల మధ్య. మా ఇంట్లో క్లచ్ తొక్కినవాడు లేడు.)

నెల తిరక్కముందే పరీక్ష వచ్చింది. మా నాన్న వయసున్న ఎర్ర ట్రాక్టర్‌ను చూడటానికి ఒక హోటల్ యజమాని వస్తున్నాడు. "గిది అమ్మితే నౌకరి పక్కా. లేకుంటే నీ తొవ్వ నీది" అన్నాడు సేటు. రెండు సిలిండర్లు, పాతిక హార్స్ పవర్, ముందుకు ఆరు గేర్లు, వెనక్కి రెండు, నాగలిని ఎత్తే లిఫ్టు: అన్నీ బట్టీపట్టి అట్ట మీద రాశాను. చివర అందం కోసం 'సెల్ఫ్ స్టార్ట్' అని చేర్చాను.

ఆ ఉదయం ట్రాక్టర్ షెడ్డు ముందు వాలు మీద, చక్రం కింద రాయితో వంకరగా నిలబడి ఉంది. చూడటానికి బాగుండదని సీటెక్కి, వాచ్‌మన్‌తో రాయి తీయించి, మెల్లగా చదునైన చోటికి జార్చాను. (నేను నడిపిన ట్రాక్టర్ ప్రయాణం మొత్తం ఇరవై అడుగులు.) మెకానిక్ భాయ్ వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "అరె భయ్యా, కిందికెందుకు దించినవ్? సెల్ఫ్ పోయి మస్తు దినాలాయె. వాలు మీదికెళ్లి ఉరికించి గేరేస్తెనే లేస్తది!"

"మరి ఇప్పుడెట్ల?"

"ఇప్పుడు నువ్వే ఉరుకు!"

అంతలోనే హోటల్ యజమాని కారు దిగాడు, సేటు ఎదురెళ్లి తీసుకొచ్చాడు. ఊపిరి తీసుకోకుండా అట్ట మీదిదంతా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అవన్నీ సరేనండీ, హారన్ మోగుతుందా?" అన్నాడు. భాయ్ నొక్కాడు. మోగింది, నా గుండెకన్నా కొంచెం మెల్లగా. ఇక దాచలేక, సేటు వైపు చూడకుండా, "సార్, ఇది స్టార్ట్ కాదు" అనేశాను.

"కదలదా? బతికించారు! హోటల్ ముందు పెడతానండీ, పిల్లలెక్కి ఫొటోలు దిగుతారు. కదిలితేనే కదా భయం!"

ట్రాక్టర్ అమ్ముడుపోయింది, నౌకరి పక్కా అయింది. అప్పుడు నేను వదిలిన ఊపిరికి పాతిక హార్స్ పవర్ తక్కువుండదు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న మా అమ్మాయితో ఆ హోటల్‌కు వెళ్లాను. ట్రాక్టర్ అక్కడే ఉంది, పక్కన అద్దం పటంలో నా అట్ట కూడా. "నాన్నా, సెల్ఫ్ స్టార్ట్ అంటే ఏంది?" అంది. "ఎవ్వరు నూకకుండా దానంతటదే మొదలైతది బిడ్డా" అన్నాను, నన్ను నూకినవాళ్లందరినీ తలుచుకుంటూ. లోపలికి వెళ్లబోతూ ఒకసారి వంగి, చక్రం కింద రాయి ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.